క్లబ్బు మీద బతకని క్లబ్బు మనిషి

2025 జూన్‌లో స్పెయిన్ ఫుట్‌బాల్ క్లబ్బు రియల్ ఒవియెడో మిరాండెస్‌ను ఓడించి ఆ దేశపు మొదటి డివిజన్ లా లిగాలోకి తిరిగి వచ్చింది. 24 ఏళ్ల తర్వాత. ఆ రాత్రి నుంచి రెండు మూడు రోజుల పాటు నా ఫోన్ నిండా సాంటి కాసోర్లానే. నలభై ఏళ్ల మనిషి, పిల్లవాడిగా పెరిగిన క్లబ్బు కోసం ఫైనల్లో పెనాల్టీ కొట్టి గోల్ చేశాడు. చూసినవాళ్లందరికీ గొంతు పట్టుకుపోయింది. నాక్కూడా.

ఆ క్లిప్పుతో పాటు ఒక మిత్రుడు ఇలా రాసి పంపాడు: "ఇప్పుడు వీడు ఒక్కడు ఇలా చేస్తే వార్త అయిందిరా. పాతరోజుల్లో అందరూ ఇంతే. టామ్ ఫిన్నీని చూడు. ప్రెస్టన్‌లో పుట్టాడు, ప్రెస్టన్‌కే ఆడాడు, చివరిదాకా ప్రెస్టన్‌లోనే ఉన్నాడు. డబ్బు వచ్చి ఆటను పాడు చేసింది."

ఫుట్‌బాల్ చూసేవాళ్లలో ఈ మాట అనని మనిషి అరుదు. నేనూ అన్నాను, చాలాసార్లు. కానీ ఈసారి అతను ఒకప్పటి ఇంగ్లండ్ ఆటగాడు ఫిన్నీ పేరు ఎత్తాడు కాబట్టి ఊరుకోబుద్ధి కాలేదు. ఎందుకంటే ఫిన్నీ కథను కాస్త నిదానంగా చదివితే మా మిత్రుడు చెప్పినదానికి దాదాపు వ్యతిరేకమైనది బయటపడుతుంది. ఊరి క్లబ్బుతో ఒక ఆటగాడి బంధం జీవితాంతం నిలవాలంటే, అతనికి ఆ క్లబ్బుతో బతుకుతెరువు అవసరం ఉండకూడదు. ఫిన్నీకి ఆ అవసరం లేదు. ఆయన ప్లంబర్.

ఈ మాట విన్న వెంటనే మిత్రుడు నవ్వాడు. అందుకే ఇంత రాయాల్సి వస్తోంది.

పలెర్మో నుంచి వచ్చిన బేరం

ముందు "పాతరోజుల్లో అందరూ ఉండిపోయేవాళ్లు" అన్న సంగతి. ఉండిపోయారు, నిజమే. ఉండిపోక ఏం చేస్తారు?

1952లో ఇంగ్లండ్ జట్టు ఇటలీలో ఆడడానికి వెళ్లింది. అక్కడ పలెర్మో క్లబ్బు అధిపతి, ప్రిన్స్ రైమోండో లాంజా ది ట్రాబియా, ఫిన్నీ ముందు ఒక బేరం పెట్టాడు. సంతకం పెడితే 10,000 పౌండ్లు, నెలకు 130 పౌండ్ల జీతం, ఆపైన బోనస్‌లు, ఉండడానికి విల్లా, తిరగడానికి కారు. అప్పట్లో ఇంగ్లండ్‌లో ఎంత గొప్ప ఆటగాడికైనా వారానికి 14 పౌండ్లకు మించి ఇవ్వకూడదన్నది లీగ్ నిబంధన. వేసవిలో అది కూడా తగ్గేది. అంటే పలెర్మో ఒక్క సంతకానికి ఇస్తానన్నది ప్రెస్టన్‌లో పదమూడేళ్లకు పైగా పడే జీతం.

ఫిన్నీ ఆ బేరాన్ని అక్కడికక్కడే తోసిపుచ్చలేదు. ప్రెస్టన్ క్లబ్బు ఛైర్మన్ దగ్గరికి తీసుకెళ్లాడు. మాకు ఆడకపోతే ఇంకెవరికీ ఆడవు అన్నది ఆయన జవాబు సారాంశం. అది ఉత్త బెదిరింపు కాదు, అప్పటి లీగ్ నిబంధనే అది. కాంట్రాక్టు గడువు ముగిసినా ఆటగాడి రిజిస్ట్రేషన్ క్లబ్బు గుప్పిట్లోనే ఉండేది. క్లబ్బు వదిలితే తప్ప ఇంకోచోట ఆడే దారి లేదు. జీతం ఇవ్వకుండా కూడా పట్టి ఉంచవచ్చు.

మొండిగా వెళ్లిపోయినవాళ్ల గతి ఏమైందో ఫిన్నీ కళ్లారా చూశాడు. నీల్ ఫ్రాంక్లిన్ స్టోక్‌లో పుట్టి స్టోక్ సిటీకే ఆడిన సెంటర్ హాఫ్, ఇంగ్లండ్ జట్టులో ఫిన్నీ సహచరుడు. 1950లో కొలంబియాలోని బొగోటా క్లబ్బు పెద్ద జీతం ఇస్తానంటే వెళ్లాడు. ఆ లీగ్‌కు అప్పుడు ఫిఫా గుర్తింపు లేదు. కొద్ది నెలలకే తిరిగి వచ్చాడు, సస్పెన్షన్ పడింది, స్టోక్ అతన్ని హల్ సిటీకి అమ్మేసింది. మళ్లీ ఇంగ్లండ్‌కు ఆడనే లేదు. అతనూ సొంత ఊరి క్లబ్బు వాడే. కానీ ఊరి క్లబ్బు విధేయత గురించి మనం రాసుకునే జాబితాల్లో అతని పేరు ఉండదు.

కాబట్టి ఫిన్నీ ప్రెస్టన్‌కు ఆడిన 433 లీగ్ మ్యాచ్‌లను, కొట్టిన 187 గోల్స్‌ను ప్రేమకు సాక్ష్యంగా చూపించే ముందు ఒక్క క్షణం ఆగాలి. తలుపుకు బయట గడియ పెట్టి ఉన్నప్పుడు లోపల మనిషి ఇష్టంతో కూర్చున్నాడో, గత్యంతరం లేక కూర్చున్నాడో బయటివాళ్లకు తెలిసే వీలు లేదు. నా అనుమానం, ఆయనకు రెండూ ఉన్నాయి. వెళ్లి చూద్దామన్న ఆశ ఉంది, లేకపోతే ఛైర్మన్ దగ్గరికి వెళ్లేవాడే కాదు. వెళ్లనివ్వలేదని క్లబ్బు మీద పగ పట్టలేదు, అదీ కనిపిస్తూనే ఉంది. తర్వాత ఎనిమిదేళ్లు ఆడాడు. తప్పుగా ఆడాడని జీవితంలో ఒక్కసారి కూడా రిఫరీ ఆయన పేరు రాసుకోలేదు.

నాన్న పెట్టిన షరతు

ఇక నాకు అసలు ఆసక్తి కలిగించిన సంగతి. ఫిన్నీ 1922లో ప్రెస్టన్ క్లబ్బు మైదానం డీప్‌డేల్‌కు కూతవేటు దూరంలో పుట్టాడు. చిన్నప్పుడు బాగా పీలగా ఉండేవాడు. అయినా ఆట చూసి క్లబ్బు వాళ్లు మైదానం సిబ్బందిలో చేరమని పిలిచారు. అప్పట్లో కుర్రాళ్లను తీసుకునే పద్ధతి అదే: నేల ఊడ్వాలి, బూట్లు తుడవాలి, మధ్యలో ఆట నేర్చుకోవాలి. పద్నాలుగు పదిహేనేళ్ల పిల్లాడికి అంతకన్నా ఏం కావాలి? వాళ్ల నాన్న వద్దన్నాడు. మొదట ప్లంబింగ్ పని నేర్చుకో, ఆట పక్కన ఆడుకో అన్నాడు. కుర్రాడు అప్రెంటిస్‌గా పైపులు మోస్తూ సాయంత్రాలు క్లబ్బులో ప్రాక్టీసు చేశాడు. 1940 జనవరిలో ప్రొఫెషనల్ అయ్యాడు. వెంటనే యుద్ధం మింగేసింది. రాయల్ ఆర్మర్డ్ కోర్‌లో ఈజిప్టు, ఇటలీ తిరిగి వచ్చి, మొదటి లీగ్ మ్యాచ్ ఆడేసరికి 1946 ఆగస్టు. అప్పటికి ఆయనకు 24 ఏళ్లు.

ఆ ప్లంబింగ్ పని ఆయన వదల్లేదు. సోదరుడితో కలిసి సొంత వ్యాపారం పెట్టుకున్నాడు. ఇంగ్లండ్‌కు 76 మ్యాచ్‌లు ఆడి 30 గోల్స్ చేసిన మనిషి, రెండుసార్లు, 1954లోనూ 1957లోనూ, ఫుట్‌బాలర్ ఆఫ్ ది ఇయర్ అయిన మనిషి, మ్యాచ్ లేని రోజుల్లో ఊళ్లో వాళ్ల పైపులు బాగుచేసేవాడు. 'ప్రెస్టన్ ప్లంబర్' అన్న పేరు అలా వచ్చింది. ఈ ముక్క ఎవరు రాసినా ముచ్చటగా రాస్తారు: ఎంత నిరాడంబరుడో చూడండి, ఎంత మట్టిమనిషో చూడండి అని. నాకు అందులో ముచ్చట కన్నా లెక్క ఎక్కువ కనిపిస్తుంది. ఆయన ఆటలో వారానికి 20 పౌండ్లకు మించి ఎప్పుడూ తీసుకోలేదు. మోకాలు పోతే మర్నాటి నుంచి ఆ 20 కూడా ఉండవు. ప్లంబింగ్ దుకాణం ఉండబట్టే ఆయన క్లబ్బు దయ మీద లేడు.

గజ్జల్లో గాయం తిరగబెడుతుంటే 1960లో, 38 ఏళ్ల వయసులో ఆట మానేశాడు. అక్కడి నుంచే నాకు కావలసిన కథ మొదలవుతుంది. అప్పటిదాకా జరిగినదంతా ఒక ఉద్యోగి కథ. తర్వాతదే ఒక మనిషి కథ.

ఆయన వెళ్లిన మరుసటి సీజన్‌లోనే, 1961లో, ప్రెస్టన్ మొదటి డివిజన్ నుంచి పడిపోయింది. ఆ తర్వాత మళ్లీ అక్కడికి ఎక్కలేదు, ఫిన్నీ 2014లో పోయేవరకూ సరే, ఆ తర్వాత కూడా. 1953లో పాయింట్లు సమానమైనా గోల్ సగటులో (కొట్టిన గోల్స్‌ను ఇచ్చిన గోల్స్‌తో భాగిస్తే వచ్చేది) వెనకబడి ఆర్సెనల్‌కు టైటిల్ వదులుకున్న క్లబ్బు, 1986లో నాలుగో డివిజన్‌లో కింది నుంచి రెండో స్థానానికి చేరి, లీగ్‌లో ఉండనివ్వండని మిగతా క్లబ్బులను ఓట్లు అడుక్కోవాల్సి వచ్చింది. ఆ ఏడాదే డీప్‌డేల్‌లో గడ్డి పీకేసి ప్లాస్టిక్ పరిచారు. ఫిన్నీ పుట్టిన వీధికి దగ్గర్లో, ఆయన వింగ్ మీద పరుగెత్తిన నేల మీద, కృత్రిమ గడ్డి. 1994 దాకా అదే ఉంది.

ఇన్నేళ్లలో ఆయన ఏం చేశాడు? ప్లంబింగ్ వ్యాపారం నడిపాడు. స్థానిక మేజిస్ట్రేట్‌గా కూర్చున్నాడు. జిల్లా ఆరోగ్య సంస్థకు అధ్యక్షుడిగా చేశాడు. క్లబ్బుకు గౌరవ అధ్యక్షుడిగా ఉన్నాడు. మ్యాచ్‌లకు వెళ్లాడు. ఒక పని మాత్రం చేయలేదు: క్లబ్బు మేనేజర్ కుర్చీలో కూర్చోలేదు. అది మామూలు విషయం కాదు. ఆ తరంలో పెద్ద ఆటగాడు రిటైర్ అయితే జనం మొట్టమొదట అడిగేది అదే, మేనేజర్ ఎప్పుడవుతావని. ఆయనతో కలిసి ఆడిన బిల్ షాంక్లీ లివర్‌పూల్ వెళ్లి ఆ పనిలోనే చరిత్ర సృష్టించాడు. ఫిన్నీకి చేతకాక కాదు, అక్కర్లేక అని నేను అనుకుంటాను. వారం వారం జీతం ఇచ్చే పని ఆయనకు వేరే ఉంది.

ఉద్యోగం అయ్యాక

దీనికి అటువైపు ఏం జరుగుతుందో చూడాలంటే ఇటలీలోని లివోర్నో వెళ్లాలి.

క్రిస్టియానో లుకరెల్లి అక్కడే పుట్టాడు, 1975లో. ఓడరేవు ఊరు, కార్మికుల ఊరు, ఎర్రజెండా ఊరు. ఇటాలియన్ కమ్యూనిస్టు పార్టీ పుట్టింది కూడా అక్కడే, 1921లో. 2003లో అతను టొరీనోలో దొరికే పెద్ద జీతం వదులుకుని సెకండ్ డివిజన్‌లో ఉన్న లివోర్నోకు వచ్చాడు. చొక్కా మీద 99 నంబరు వేసుకున్నాడు, ఊళ్లో వీరాభిమానుల దళం పుట్టిన 1999కి గుర్తుగా. మొదటి సీజన్‌లోనే క్లబ్బును ఇటలీ మొదటి డివిజన్ సిరీ ఆకు ఎక్కించాడు. ఆ ఊరు అక్కడికి వెళ్లి 55 ఏళ్లయింది. మరుసటి ఏడాది 24 గోల్స్‌తో లీగ్‌లోనే టాప్ స్కోరర్. అభిమాని కావడం, హీరో కావడం రెండూ ఒకే మనిషికి ఇంతగా కుదరడం నేనెక్కడా చూడలేదు.

2007లో ఉక్రెయిన్‌లోని షఖ్తార్ దొనెత్స్క్‌కు వెళ్లాడు. ఆ ఏడాదే సొంత డబ్బు పెట్టి ఊళ్లో ఒక దినపత్రిక ప్రారంభించాడు. తర్వాత మళ్లీ వచ్చి ఒక సీజన్ ఆడాడు. ఇక్కడిదాకా బాగానే ఉంది. 2018 వేసవిలో క్లబ్బు అతన్ని కోచ్‌గా తీసుకుంది. నవంబర్‌లో తీసేసింది.

ఆ తీసేయడంలో అన్యాయం ఏమీ లేదు. జట్టు ఓడిపోతోంది, కోచ్‌ను మారుస్తారు. అదే నా బాధ. అభిమానిగా, స్ట్రైకర్‌గా, పత్రిక యజమానిగా ఉన్నంతకాలం అతన్ని ఎవరూ తీసేయలేరు. జీతగాడు కాగానే నాలుగైదు నెలల్లో తీసేయదగిన మనిషి అయ్యాడు. అలన్ షియరర్‌కు అయితే న్యూకాజిల్‌లో మేనేజర్‌గా ఎనిమిది మ్యాచ్‌లే దక్కాయి, 2009లో. మునిగిపోతున్న జట్టును ఆఖరి నిమిషంలో చేతిలో పెట్టారు, అది మునిగింది, మళ్లీ పిలవలేదు. ఆ క్లబ్బుకు 206 గోల్స్ కొట్టిన మనిషి అతను.

టోటీ కథ ఇంకో రకం. రోమ్‌లో పుట్టి, ఆ ఊరి క్లబ్బు రోమాకే 786 మ్యాచ్‌లు ఆడి, 2017 మేలో వీడ్కోలు చెప్పాడు. ఆరోజు స్టేడియం ఏడ్చిన ఏడుపు ఫుట్‌బాల్ చూసేవాళ్లందరికీ గుర్తే. వెంటనే డైరెక్టర్ అన్నారు, గది ఇచ్చారు, కుర్చీ ఇచ్చారు. రెండేళ్లకు, 2019 జూన్‌లో, ప్రెస్ మీట్ పెట్టి రాజీనామా చేశాడు. నిర్ణయాల్లో తన మాట వినేవారే లేరన్నది ఆయన ఫిర్యాదు. ఇల్లరికం వెళ్లిన అల్లుడి పరిస్థితి అది. పెద్దపీట వేస్తారు, పండక్కి ముందు నిలబెడతారు, పొలం అమ్మేటప్పుడు మాత్రం అడగరు.

అటువైపు వాదన కూడా వినాలి. యజమానుల కోణంలో చూస్తే టోటీని ఎందుకు అడగాలి? గొప్పగా ఆడినవాడు గొప్పగా కొనుగోళ్లు చేస్తాడని ఎక్కడా రాసి లేదు. నేను క్లబ్బు యజమానినైతే ఊరి హీరోను నిర్ణయాల గదికి దూరంగానే ఉంచుతానేమో. కానీ అలా ఉంచదలిస్తే ముందు పదవి ఇవ్వకూడదు. జనం చప్పట్ల కోసం పదవి ఇచ్చి, లోపల దాని పళ్లు పీకేయడం ఆ మనిషినీ ఊరినీ కలిపి మోసం చేయడమే.

మరి డబ్బు సంగతి?

మిత్రుడికి ఇంతవరకు ఫోన్‌లో చెప్పాను. అతను వెంటనే పట్టుకున్నాడు. "అయితే నువ్వు చెప్పేదేంటి? డబ్బున్నవాడే ఊరిని ప్రేమించగలడా? జీతం అక్కర్లేనివాడికి విధేయత ఈజీ కదా."

గట్టి ప్రశ్నే. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు, సగం జవాబు ఉంది. ఆ సగం కాసోర్లా దగ్గర దొరుకుతుంది.

కాసోర్లా ఒవియెడో పక్కనే ఉన్న ల్యనేరాలో పుట్టాడు. ఒవియెడో కుర్రాళ్ల జట్లలో పెరిగాడు. 2003లో క్లబ్బు అప్పుల్లో కూరుకుపోయి, ఆటగాళ్లకు జీతాలు ఇవ్వలేక, ఒకేసారి నాలుగో అంచెకు జారిపోయింది. పద్దెనిమిదేళ్ల కుర్రాడు విల్లారియల్‌కు వెళ్లిపోయాడు. అతను సీనియర్ జట్టుకు ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. మా మిత్రుడి కొలతతో చూస్తే బంధం అక్కడితో సున్నా.

తర్వాత 2012లో క్లబ్బు మూతపడే స్థితికి వచ్చింది. బతకాలంటే షేర్లు అమ్మాలి. అప్పటికి కాసోర్లా ఆర్సెనల్‌లో, హువాన్ మాటా చెల్సీలో, మిచు స్వాన్సీలో ఉన్నారు. ముగ్గురూ ఒవియెడోలో పెరిగిన కుర్రాళ్లే. ముగ్గురూ డబ్బు పెట్టి షేర్లు కొన్నారు, అందరినీ కొనమని అడిగారు. ఎక్కడెక్కడి దేశాల నుంచో మామూలు అభిమానులు కూడా కొన్నారు. చివరికి మెక్సికో కోటీశ్వరుడు కార్లోస్ స్లిమ్ కంపెనీ వచ్చి పెద్ద వాటా తీసుకుంది. క్లబ్బు బతికింది.

ఆ ముగ్గురూ ఊళ్లోనే ఉండిపోయి ఉంటే? నాలుగో అంచె జీతాలతో అంత డబ్బు పెట్టగలిగేవాళ్లు కాదు. వాళ్లు వదిలి వెళ్లి సంపాదించిన డబ్బే క్లబ్బును నిలబెట్టడంలో ఒక చెయ్యి వేసింది. డబ్బు ఆటను పాడు చేసిందని అనేవాళ్లు ఈ లెక్కను ఎక్కడ వేస్తారో నాకు తెలీదు.

ఆపైన కాసోర్లా మడమ. 2016 తర్వాత ఆపరేషన్ల మీద ఆపరేషన్లు, ఇన్ఫెక్షన్, కొడుకుతో తోటలో నడవగలిగితే అదే పదివేలు అని డాక్టర్లు చెప్పిన స్థితి. అందులోంచి లేచి మళ్లీ విల్లారియల్‌కు, తర్వాత ఖతర్‌లో ఒక క్లబ్బుకు ఆడి, 2023లో ఒవియెడో వచ్చాడు. ఉచితంగా ఆడతానంటే నిబంధనలు ఒప్పుకోవు కాబట్టి లీగ్ అనుమతించే కనీస జీతానికి ఆడాడు. తన చొక్కాల అమ్మకంలో 10 శాతం కుర్రాళ్ల అకాడమీకి వెళ్లాలని అడిగాడు.

ఇక్కడ నా వాదనకు ఒక చిక్కు ఉంది, దాచను. కాసోర్లాకు జీతం అక్కర్లేదు, ఫిన్నీకి కూడా క్లబ్బు జీతం మీద ఆధారం లేదు. కానీ ఇద్దరి మధ్యా బోలెడు దూరం. ఒకడు ప్రీమియర్ లీగ్ సంపదతో స్వతంత్రుడయ్యాడు, ఒకాయన పైపులు బిగించి. అందుకే "డబ్బున్నవాడే ప్రేమించగలడా" అన్న ప్రశ్నకు కాదనే అంటాను. కావలసింది సంపద కాదు, ఇంకో తిండి దారి. అది చిన్నదైనా చాలు. అయితే కింది డివిజన్లలో ఆడి, ముప్ఫై రెండేళ్లకు మోకాలు పాడై, ఇంకే పనీ రాని మాజీ ఆటగాళ్లు ఎక్కువమంది. వాళ్లకు ఊరి క్లబ్బు ఇచ్చే చిన్న కోచింగ్ ఉద్యోగమే దిక్కు. వాళ్లది బంధం కాదని నేను ఎలా అనగలను? అనను. వాళ్ల బంధం క్లబ్బు చేతిలో ఉంటుంది, ఫిన్నీ బంధం ఫిన్నీ చేతిలోనే ఉంది. తేడా అంతవరకే.

ఇంకో ఇంటి పేరు

ఈ వాదన అంతా ఫిన్నీ ఒక్కడి మీద నిలబెట్టాననుకుంటారేమో, అదే కాలం నుంచి ఇంకో సాక్ష్యం ఉంది. ఫిన్నీని కట్టిపడేసిన ఆ పద్ధతిని కోర్టులో బద్దలుకొట్టింది జార్జ్ ఈస్టమ్. న్యూకాజిల్ అతన్ని వదలనంటే ఆడనని భీష్మించుకుని కూర్చున్నాడు. నెలల తరబడి జీతం లేకుండా ఎలా కూర్చోగలిగాడు? ఒక వ్యాపారి దగ్గర బెండు అమ్మే ఉద్యోగం దొరికింది కాబట్టి. చివరికి 1960లో క్లబ్బు ఆర్సెనల్‌కు వదిలింది. అయినా కేసు ఆపలేదు. 1963లో జస్టిస్ విల్బర్‌ఫోర్స్ ఆ పద్ధతి మనిషి పని చేసుకునే హక్కుకు అన్యాయంగా అడ్డం పడుతోందని తీర్పు ఇచ్చాడు. జీతం మీద ఉన్న పరిమితి అంతకు రెండేళ్ల ముందే పోయింది, జిమ్మీ హిల్ నాయకత్వంలో ఆటగాళ్లు సమ్మెకు సిద్ధపడడంతో. ఫిన్నీ రిటైరైన మరుసటి ఏడాది అది. ఆ మనిషి టైమింగ్ మైదానంలోనే బాగుండేది.

ఒకడు పక్క ఉద్యోగం ఉండబట్టి ధైర్యంగా వెళ్లిపోగలిగాడు. ఒకాయన పక్క వ్యాపారం ఉండబట్టి నిశ్చింతగా ఉండిపోగలిగాడు. రెండింటికీ వేరు ఒకటే.

ఈ ఇద్దరినీ కలిపే తమాషా ఒకటి ఉంది. అదే 1963లో, తీర్పు వచ్చిన రెండు మూడు నెలలకే, ఉత్తర ఐర్లండ్‌లోని డిస్టిలరీ క్లబ్బు యూరోపియన్ కప్‌లో బెన్‌ఫికాతో ఆడాల్సి వచ్చింది. దాని మేనేజర్ ఈ ఈస్టమ్ తండ్రి, ఆయన పేరూ జార్జ్ ఈస్టమే. ఆయన ఫిన్నీని పిలిచాడు. మూడేళ్ల కిందట ఆట మానేసిన 41 ఏళ్ల ప్లంబర్ వెళ్లి ఆడాడు. మ్యాచ్ 3-3తో డ్రా అయింది, ఎదురుగా ఉన్నది అంతకుముందు రెండుసార్లు యూరప్ ఛాంపియన్ అయిన జట్టు. ఒక్క క్లబ్బుకే ఆడినవాడన్న కిరీటంలో ఇది చిన్న గీత అని బాధపడేవాళ్లున్నారు. నాకైతే ఆయన జీవితంలో బాగా నచ్చిన మ్యాచ్ అదే. ఎవరూ కట్టేయని రోజున, ఎవరో పిలిస్తే, సరదాగా వెళ్లి ఆడొచ్చాడు. ఆ తర్వాత ప్రెస్టన్‌లో పనిలోకి వెళ్లిపోయాడు.

విగ్రహాలు, కుర్చీలు

డీప్‌డేల్‌లో ఇప్పుడు సర్ టామ్ ఫిన్నీ స్టాండ్ ఉంది. కుర్చీల రంగులతో ఆయన ముఖం కనిపించేలా కూర్చారు. బయట విగ్రహం ఉంది, 2004లో పెట్టారు. 1956లో చెల్సీతో మ్యాచ్‌లో వర్షం నీళ్లు నిలిచిన మైదానంలో ఆయన జారుతూ వెళ్లినప్పుడు తీసిన ప్రసిద్ధ ఫొటో దానికి మూలం. పైగా ఆ విగ్రహం చుట్టూ నీళ్లు చిమ్మే ఏర్పాటు. ప్లంబర్ విగ్రహానికి పైపుల పని చేసినవాళ్లు ఎంత జాగ్రత్తగా చేశారో అని నేను చాలాసార్లు అనుకున్నాను.

దీని మీద మిత్రుడు వేసిన ఆఖరి బాణం ఇది: "గౌరవ అధ్యక్షుడు అంటే అదీ అలంకారమే కదరా. టోటీకి ఇచ్చిన కుర్చీకీ దీనికీ తేడా ఏముంది?" తేడా ఉంది. టోటీకి ఇచ్చిన కుర్చీకి అధికారం ఉన్నట్టు పేరు పెట్టారు. ఫిన్నీ కుర్చీకి ఎవరూ అలాంటి పేరు పెట్టలేదు, ఆయన కూడా ఆశించలేదు. ఇరు పక్షాలకూ ఒప్పందం ఏమిటో తెలుసు. అలంకారం అలంకారంగా ఉన్నంతసేపు ఎవరికీ అవమానం లేదు. అయితే ప్రెస్టన్ పతనమైన ఆ పాతికేళ్లలో, ప్లాస్టిక్ గడ్డి రోజుల్లో, ఆయన ఇంకాస్త గట్టిగా నోరు విప్పి ఉండాల్సిందా అన్న అనుమానం నాకు ఉంది. ఆయన మాట ఊళ్లో చెల్లేది. మర్యాదస్తుడు కావడం ఒక్కోసారి క్లబ్బు నడిపేవాళ్లకు బాగా కలిసొస్తుంది.

ఈ మధ్య ఒక బంధువు వాళ్ల అబ్బాయిని ఒక ఫుట్‌బాల్ అకాడమీలో చేర్చాడు. పిల్లవాడు బాగా ఆడతాడు. చదువు మాన్పించి పూర్తిగా ఇందులోనే పెడదామా అని అడిగితే నేను ఫిన్నీ వాళ్ల నాన్న కథ చెప్పాను. ఆయన మర్యాదగా విన్నాడు. తర్వాత "అది 1936 సంగతి కదా బావా. ఇప్పుడు రెండు పడవల మీద కాళ్లు పెడితే కోచ్ టీమ్‌లోంచి తీసేస్తాడు" అన్నాడు. నిజమే, చాలాచోట్ల అలాగే ఉంది. ఇంగ్లండ్ అకాడమీల్లో పదహారు దాటిన కుర్రాళ్లకు ఆటతో పాటు చదువు కూడా తప్పనిసరి భాగంగా పెట్టారు, వాళ్లలో ఎక్కువమందికి ప్రొఫెషనల్ కాంట్రాక్టు రాదని క్లబ్బులకే తెలుసు కాబట్టి. ఆ మాట కూడా చెప్పాను. అకాడమీ వాళ్లను అడిగి చూస్తానన్నాడు. పిల్లవాడిని మాత్రం ఇంకా ఎవరూ అడిగినట్టు లేదు. ఈసారి కలిసినప్పుడు నేనే అడుగుతాను.